హాఫ్‌టైమ్ దాటినా సీట్లు ఖాళీ కాలేదు: ఇండియానా ఫుట్‌బాల్ మలుపు వెనుక కథ

క్లుప్తంగా

2023లో 12 మ్యాచ్‌లు ఆడి మూడే గెలిచిన ఇండియానా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు 2024లో 11 గెలిచి ప్లేఆఫ్ దాకా వెళ్లింది. 2025 సీజన్‌లో 16 ఆడి 16 గెలిచి జాతీయ చాంపియన్ అయింది. ఆటగాళ్లు కాలేజీ మారే రూల్స్ సడలడంతో ఒక్క ఏడాదిలో జట్టును తిరగరాసుకునే వీలు అన్ని కాలేజీలకూ వచ్చింది. ఎవరిని తెచ్చుకోవాలన్న దగ్గర ఇండియానా వేరే దారి పట్టింది. ఇక అభిమానుల సంబరం అంత పెద్దది కావడానికి గెలుపులు ఎంత కారణమో, అంతకుముందు వాళ్లకు అలవాటైన ఓటములూ అంతే కారణం.

శనివారం, స్టేడియం బయట

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే శనివారం. ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఆ రోజు పొద్దున్నే మెమోరియల్ స్టేడియం పక్కనున్న గడ్డి మైదానాలు కార్లతో నిండిపోతాయి. డిక్కీలు తెరుచుకుంటాయి, మడత కుర్చీలు పడతాయి, గ్రిల్ మీద సాసేజ్‌లు కాలుతుంటాయి, ఐసు పెట్టెల్లోంచి బీరు డబ్బాలు బయటికొస్తాయి. దీన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. జాతరలో గుడి బయట జరిగే సందడి లాంటిదనుకోవచ్చు. బ్లూమింగ్టన్‌లో చిక్కేమిటంటే, చాలామంది ఆ సందడితోనే సరిపెట్టుకుని దర్శనం మానేసేవారు. లోపలికి వెళ్లినవాళ్లలోనూ ఎంతోమంది హాఫ్‌టైమ్‌కు బయటికొచ్చి, మళ్లీ తిరిగి వెళ్లేవారు కాదు. స్కోరుబోర్డు చూస్తే వాళ్లను తప్పు పట్టడం కష్టం. 2024లో కొత్త కోచ్ అభిమానులను బహిరంగంగా అడిగిన వాటిలో ఇదొకటి: లోపలికి రండి, చివరిదాకా ఉండండి.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. 100 గజాల మైదానం, జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలిస్తారు, ఆలోపు 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్లకు. గీత దాటించగలిగితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. బంతిని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి విసరాలో ఆ రెండు మూడు సెకన్లలో తేల్చేది క్వార్టర్‌బ్యాక్. మామూలు సీజన్‌లో 12 మ్యాచ్‌లే కాబట్టి ఒక్కో ఓటమి చాలా ఖరీదు.

ఓటమి అలవాటు

2024 సీజన్ మొదలయ్యేనాటికి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన జట్టు ఇండియానాదే. ఆ లెక్క అప్పటికే 700 దాటింది. ఒక సీజన్‌లో అత్యధికంగా గెలిచింది 9, అదీ 1945లోనూ 1967లోనూ. సీజన్ చివర్లో ఆడే బౌల్ మ్యాచ్ ఆఖరుసారి గెలిచింది 1991లో.

ఆ యూనివర్సిటీ గుండె బాస్కెట్‌బాల్‌లో ఉంది. ఐదు జాతీయ టైటిళ్లు, వాటిలో 1976 జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఫుట్‌బాల్ చూస్తూ కాలక్షేపం చేసి నవంబరులో బాస్కెట్‌బాల్ మొదలైతే ఊపిరి పీల్చుకోవడం అక్కడ తరాలుగా వస్తున్న పద్ధతి.

మధ్యలో ఆశ పుట్టలేదని కాదు. కోవిడ్‌తో కుదించిన 2020 సీజన్‌లో టామ్ అలెన్ కోచింగ్‌లో ఇండియానా 6 గెలిచి 2 ఓడింది. ఇక దశ తిరిగిందనుకున్నారు. మరుసటి ఏడాది 2 గెలిచి 10 ఓడింది. 2021 నుంచి 2023 దాకా మూడు సీజన్లలో కలిపి 36 మ్యాచ్‌లకు 9 గెలుపులు. తానున్న కాన్ఫరెన్స్ (ఏటా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి) బిగ్ టెన్‌లో అయితే 27కు మూడే. 2023 నవంబరులో అలెన్‌ను తప్పించడానికి యూనివర్సిటీ 1.55 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. ఫుట్‌బాల్‌ను పట్టించుకోని యూనివర్సిటీ అంత ఖర్చుకు దిగడం, ఆ తర్వాత జరిగినదాని ముందు చిన్నగా కనిపిస్తుంది గానీ, అసలు మొదటి అడుగు అదే.

2020 దెబ్బ మరో పని కూడా చేసింది. తొందరపడి నమ్మకూడదని అభిమానులకు నేర్పింది. 2024లో వరసగా మూడు, నాలుగు గెలిచినప్పుడు కూడా బ్లూమింగ్టన్‌లో మాట ఒకటే: ఇంకా పెద్ద జట్లు రాలేదుగా.

'గూగుల్ చేసుకోండి'

2023 నవంబరు 30న వచ్చిన కొత్త కోచ్ పేరు కర్ట్ సిగ్నెట్టి. అప్పటికి వయసు 62. పెద్ద జట్టుకు హెడ్ కోచ్‌గా చేయడం అదే మొదటిసారి.

ఆయన దారి తిన్నగా సాగలేదు. 2007 నుంచి నాలుగేళ్లు అలబామా యూనివర్సిటీలో హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర అసిస్టెంట్. అక్కడే ఉంటే హాయిగా గడిచిపోయేది. 2011లో జీతం తగ్గించుకుని మరీ రెండో శ్రేణి జట్టుకు హెడ్ కోచ్‌గా వెళ్లాడు. ఆ కాలేజీ పేరు ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా, ఉన్న ఊరి పేరు కూడా ఇండియానాయే. దీనికీ ఇండియానా రాష్ట్రానికీ సంబంధం లేదు, పేర్లు అలా కలిశాయంతే. ఆయన తండ్రి ఫ్రాంక్ సిగ్నెట్టి ఒకప్పుడు కోచ్‌గా చేసిన కాలేజీ అది. అక్కడి నుంచి ఎలాన్, తర్వాత జేమ్స్ మ్యాడిసన్ యూనివర్సిటీలు. ఇండియానాకు వచ్చేనాటికి హెడ్ కోచ్‌గా ఆయన ఖాతాలో 119 గెలుపులు, 35 ఓటములు. ఒక్క సీజన్‌లోనూ ఓటములు గెలుపులను మించలేదు.

ఆటగాళ్లను మీ ప్రణాళిక మీద ఎలా నమ్మిస్తారని 2023 డిసెంబరులో విలేకరులు అడిగితే ఆయన ఇచ్చిన జవాబు పాపులర్ అయిపోయింది: చాలా సింపుల్, నేను గెలుస్తాను, గూగుల్ చేసుకోండి. ఆ మాటను అప్పట్లో కొందరు ధీమా అన్నారు, కొందరు పొగరన్నారు. 2024 సీజన్ ముందు విలేకరుల అంచనా పోల్‌లో బిగ్ టెన్ 18 జట్లలో ఇండియానాకు దక్కింది 17వ స్థానం.

తలుపు తెరిచిన రూల్స్

పదేళ్ల క్రితం ఇదే కోచ్ వచ్చి ఉంటే ఒక్క ఏడాదిలో ఈ మార్పు వచ్చేది కాదు. అప్పట్లో స్కూల్ నుంచి వచ్చే 18 ఏళ్ల కుర్రాళ్లను చేర్చుకుని మూడు నాలుగేళ్లు తయారు చేసుకోవాలి. వేరే కాలేజీకి మారిన ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది బయట కూర్చోవాలి. ఓడిపోయే జట్టుకు మంచి కుర్రాళ్లు రారు, మంచి కుర్రాళ్లు రాకపోతే జట్టు ఓడుతూనే ఉంటుంది. ఆ చక్రంలోంచి బయటపడటం ఎంత కష్టమో ఇండియానా చరిత్రే చెబుతుంది.

2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే ఆన్‌లైన్ జాబితా ఇది. 2021లో ఒకసారి మారితే ఏడాది ఆగనక్కర్లేదన్నారు. కోర్టు కేసుల తర్వాత 2024 నాటికి ఎన్నిసార్లు మారినా చదువు షరతులు తీరిస్తే చాలన్నారు. అదే 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకునే హక్కు వచ్చింది. పేరుకు ప్రకటనల ఆదాయమే అయినా, దాతలు సంఘాలుగా ఏర్పడి జట్టుకు కావలసిన ఆటగాళ్లకు డబ్బు సర్దడమే ఎక్కువగా జరిగింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఐపీఎల్ చూసేవాళ్లకు ఈ తర్కం కొత్తది కాదు. 2023లో పదో స్థానంలో, అంటే అట్టడుగున నిలిచిన సన్‌రైజర్స్ హైదరాబాద్, వేలంలో పాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొని కెప్టెన్సీ ఇచ్చి 2024లో ఫైనల్‌కు చేరింది. ఆటగాళ్లు ఏటా చేతులు మారే వ్యవస్థలో అట్టడుగు జట్టు అక్కడే ఉండిపోవాలని లేదు. కాకపోతే ఐపీఎల్‌లో జట్లన్నిటికీ ఖర్చు పరిమితి ఒకటే. కాలేజీ ఫుట్‌బాల్‌లో 2024 దాకా అలాంటి హద్దేమీ లేదు. డబ్బున్న జట్లు ఇంకా పైకి పోతాయన్నదే అందరి అంచనా. ఇండియానా ఆ అంచనాకు ఎదురు వెళ్లింది.

ఒకే సంత, వేరే సరుకు

రూల్స్ అందరికీ ఒకటే. అందుకే ఇండియానా విజయాన్ని పోర్టల్ ఖాతాలో వేస్తే సగం లెక్కే అవుతుంది. ఫ్లోరిడా స్టేట్ 2023లో మొదటి 13 మ్యాచ్‌లూ గెలిచింది. ఆ జట్టులోని ముఖ్యులు వెళ్లిపోయాక పోర్టల్ నుంచి పేరున్న ఆటగాళ్లను తెచ్చుకుని 2024లో 2 గెలిచి 10 ఓడింది. కొలరాడోలో కోచ్ డియాన్ శాండర్స్ 2023లో జట్టును దాదాపు మొత్తం మార్చేశాడు. మొదటి మూడు మ్యాచ్‌లు గెలిచి దేశమంతా మాట్లాడుకునేలా చేసి, చివరికి 4 గెలుపులు, 8 ఓటములతో ముగించాడు.

తేడా సరుకు ఎంపికలో ఉంది. ఇతర కోచ్‌లు ఎక్కువగా 'ఏం కాగలడు' అన్నది చూస్తారు: ఎత్తు, వేగం, స్కూల్ రోజుల్లో రేటింగ్ ఏజెన్సీలు ఇచ్చిన స్టార్లు. సిగ్నెట్టి 'ఇప్పటికే ఏం చేశాడు' అన్నది చూస్తాడు. చిన్న జట్టులో ఆడినా సరే, రెండు మూడేళ్లు మైదానంలో నిలబడి, అంకెలు చూపించినవాడే కావాలి. ఇలాంటివాళ్లకు పెద్ద బజారులో గిరాకీ తక్కువ, కాబట్టి ధరా తక్కువే.

జేమ్స్ మ్యాడిసన్ నుంచి ఆయన వెంట 13 మంది వచ్చారు. విసిరిన బంతి అందుకునే వైడ్ రిసీవర్ ఎలైజా శారట్, డిఫెన్స్‌లో ఆడే లైన్‌బ్యాకర్ ఐడెన్ ఫిషర్, డిఫెన్సివ్ ఎండ్ మికైల్ కమారా, కార్నర్‌బ్యాక్ డాంజెలో పాండ్స్ ఆ బాపతే. అటాక్, డిఫెన్స్ చూసే కోఆర్డినేటర్లు మైక్ షానహాన్, బ్రయంట్ హేన్స్ కూడా అక్కడి నుంచే. కొత్త ఊరు, కొత్త జెర్సీ అయినా వీళ్లకు పిలుపులు, సైగలు ముందే తెలుసు. మిగతావాళ్లకు నేర్పడానికి వీళ్లే ఉన్నారు. పోర్టల్‌లో విడివిడిగా ఏరుకున్న జట్లకు దొరకని సుఖం ఇది.

క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రూర్క్ ఓహైయో యూనివర్సిటీ నుంచి వచ్చాడు. పేరు దగ్గరగా ఉన్నా ఇది ప్రఖ్యాత ఓహైయో స్టేట్ కాదు, చిన్న కాన్ఫరెన్స్ జట్టు. కాలేజీలో ఆడగలిగే ఏళ్లకు పరిమితి ఉంటుంది, కోవిడ్ ఏడాదిని అందరికీ ఆ లెక్కలోంచి తీసేయడంతో అతనికి ఆరో సీజన్ దొరికింది. 2024లో ఇలాంటి 23, 24 ఏళ్ల ఆటగాళ్లు ఎక్కువ. 19 ఏళ్ల ప్రతిభావంతుడి మీద 23 ఏళ్ల అనుభవజ్ఞుడిని దింపడం ఇండియానాకు కలిసొచ్చిన సంగతి. ఆ వెసులుబాటు ఒక తరానికే పరిమితమన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సులువైన షెడ్యూల్ వాదన

2024లో ఇండియానా గెలుస్తున్నకొద్దీ విమర్శ ఒకటే వినిపించింది: ఎవరితో ఆడారని? ఇందులో కొంత నిజముంది. 2023 దాకా బిగ్ టెన్ రెండు డివిజన్లుగా ఉండేది. ఓహైయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్ మూడూ ఇండియానా ఉన్న ఈస్ట్ డివిజన్‌లోనే. అంటే ప్రతి ఏడూ ఆ ముగ్గురూ తప్పేవారు కాదు. 2024లో యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఆరిగన్, వాషింగ్టన్ చేరి కాన్ఫరెన్స్ 18 జట్లకు పెరిగింది, డివిజన్లు పోయాయి. కొత్త షెడ్యూల్‌లో ఇండియానాకు పెన్ స్టేట్ తగల్లేదు, ఆరిగన్ కూడా తగల్లేదు. అదే ఏడాది ప్లేఆఫ్ నాలుగు జట్ల నుంచి 12కు పెరిగింది. పాత పద్ధతిలో అయితే ఈ రికార్డుతో ఇండియానా ఇంట్లోనే కూర్చునేది.

అయితే అదే వాదనను ఇంకో వైపు నుంచి చూడాలి. ఇండియానా గెలిచినవాటిలో మిషిగన్, వాషింగ్టన్ ఉన్నాయి. 2023 సీజన్ జాతీయ ఫైనల్ ఆడింది ఆ రెండు జట్లే, కాకపోతే 2024కు రెండూ బలహీనపడ్డాయి. ఇండియానా ఓడింది రెండే మ్యాచ్‌లు: ఓహైయో స్టేట్ చేతిలో 38-15, ప్లేఆఫ్ తొలి రౌండ్‌లో నోటర్ డామ్ చేతిలో 27-17. 2024 సీజన్ జాతీయ ఫైనల్ ఆడింది సరిగ్గా ఆ రెండు జట్లే. కాబట్టి న్యాయంగా చెప్పాలంటే, ఆ ఏడాది ఇండియానా అత్యుత్తమ జట్ల స్థాయికి చేరలేదు, మిగతా అందరికంటే మాత్రం చాలా పైన ఉంది.

నమ్మకం ఎప్పుడు కుదిరింది

అభిమానుల మనసు ఒక్క రోజులో మారలేదు. సెప్టెంబరులో యూసీఎల్‌ఏ మీద 42-13 గెలిచినప్పుడు ఆశ్చర్యం. అక్టోబరు 19న నెబ్రాస్కాను 56-7తో చిత్తు చేసినప్పుడు నమ్మలేకపోవడం. ఆ మ్యాచ్‌లో రూర్క్ బొటనవేలు దెబ్బతింది. మళ్లీ పాత కథే అన్న టెన్షన్ ఊరంతా పాకింది. వారం తర్వాత, పెద్ద మ్యాచ్ ఉన్న ఊరికి వెళ్లి చేసే ఈఎస్‌పీఎన్ వాళ్ల కాలేజ్ గేమ్‌డే షో బ్లూమింగ్టన్‌కు వచ్చింది. ఆ రోజు రూర్క్ లేకుండానే ఇండియానా వాషింగ్టన్‌ను 31-17తో ఓడించింది. పాత ఇండియానా అయితే సరిగ్గా అక్కడే కూలేది.

నవంబరు 2న మిషిగన్ స్టేట్ మీద సీజన్‌లో తొలిసారి వెనకబడింది, 10-0. ఆ తర్వాత వరసగా 47 పాయింట్లు కొట్టింది. వారం తర్వాత మిషిగన్ మీద 20-15 గెలుపు. పది ఆడి పది గెలవడం ఆ యూనివర్సిటీ చరిత్రలో అంతవరకు లేదు. స్టేడియంలో ఎరుపు తెలుపు చారల ప్యాంట్లు వేసుకున్న విద్యార్థులు ఆఖరి నిమిషం దాకా నిలబడే ఉన్నారు. ఆ చారలు అసలు బాస్కెట్‌బాల్ జట్టువి. అవి ఫుట్‌బాల్ స్టాండ్లను నింపడమే ఒక వార్త.

ఇక పర్డ్యూ. తెలుగు ఇళ్లలో ఇంజనీరింగ్ చదువుల వల్ల తెలిసిన పేరిది. ఇండియానాకు అదే రాష్ట్రంలోని పాత ప్రత్యర్థి. ఈ ఇద్దరి మ్యాచ్‌లో గెలిచినవాళ్లకు దక్కేది ఒక పాత ఓక్ చెక్క బకెట్. దక్షిణ ఇండియానాలో ఒక పొలంలోని బావిది. దానికి గొలుసు ఉంటుంది. ఏటా ఒక అక్షరం ఆ గొలుసుకు తగులుతుంది, ఇండియానా గెలిస్తే 'ఐ', పర్డ్యూ గెలిస్తే 'పీ'. 1925లో మొదటి మ్యాచే 0-0 డ్రా కావడంతో గొలుసు రెండక్షరాలూ కలిపిన ముక్కతో మొదలవుతుంది. 2021, 22, 23లలో వరసగా మూడు 'పీ'లు. 2024 నవంబరు 30న ఇండియానా 66-0తో గెలిచి 'ఐ' తగిలించింది. ఊళ్లో పెద్దవాళ్లకు ప్లేఆఫ్ కన్నా ఈ ముక్కే ముందు.

రెండో ఏడాది

విమర్శకులు అడిగిన జవాబు 2025లో వచ్చింది. రూర్క్ స్థానంలో కాలిఫోర్నియా యూనివర్సిటీ (బర్క్‌లీ) నుంచి ఫెర్నాండో మెండోజా వచ్చాడు. ఆరిగన్‌ను వాళ్ల మైదానంలోనే 30-20తో ఓడించారు. అంతకుముందు ఎన్నడూ గెలవని పెన్ స్టేట్ మైదానంలో 36 సెకన్లు మిగిలుండగా ఒమార్ కూపర్ జూనియర్ చివరి గీత దగ్గర గాల్లోకి లేచి, బంతి పట్టి, ఒక కాలి వేళ్లను లోపలి గడ్డికి ఆనించి 27-24తో గట్టెక్కించాడు. ఓహైయో స్టేట్ మీద 13-10 గెలుపుతో 1967 తర్వాత మొదటి బిగ్ టెన్ టైటిల్ వచ్చింది. మెండోజాకు ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ దక్కింది. ప్లేఆఫ్ క్వార్టర్‌ఫైనల్ అయిన రోజ్ బౌల్‌లో సిగ్నెట్టి ఒకప్పుడు పనిచేసిన అలబామాను 38-3తో, సెమీఫైనల్‌లో ఆరిగన్‌ను మళ్లీ 56-22తో ఓడించారు. 2026 జనవరి 19న ఫైనల్‌లో మయామీ యూనివర్సిటీ మీద 27-21. మ్యాచ్ జరిగింది మెండోజా పెరిగిన మయామీలోనే.

ఎవరికి లాభం, ఎవరికి ఒత్తిడి

మొదటి ప్రభావం కోచ్‌ల జీతాల మీద. 2024 నవంబరులోనే సిగ్నెట్టికి ఎనిమిదేళ్లకు 7.2 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. ఏడాది తిరక్కుండా దాన్నీ పెంచారు. ఇక్కడి పూర్వ విద్యార్థి, వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ కూడా 2025లో క్రీడా విభాగానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాడు. గెలుపు డబ్బును తెస్తుంది, డబ్బు ఆటగాళ్లను నిలబెడుతుంది. పాత చక్రమే ఇప్పుడు ఎదురు దిశలో తిరుగుతోంది.

రెండోది మిగతా కాలేజీల ఓపిక మీద. కోచ్‌లు 'జట్టు కట్టడానికి నాలుగేళ్లు పడుతుంది' అని అడిగే గడువుకు ఇండియానా పేరు చెప్పి ఎదురు ప్రశ్న వేయడం మామూలైంది. సీజన్‌ను రెండో ర్యాంకుతో మొదలుపెట్టిన పెన్ స్టేట్ 2025 అక్టోబరులోనే జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తప్పించింది. ఎల్‌ఎస్‌యూ, ఫ్లోరిడా కూడా సీజన్ మధ్యలోనే కోచ్‌లను మార్చాయి. వీటికి ఇండియానా ఒక్కటే కారణమనలేం. పోలిక మాత్రం తప్పించుకోలేనిదైంది.

నష్టపోయింది జేమ్స్ మ్యాడిసన్ లాంటి చిన్న జట్లేనని మొదట అనిపించింది. కానీ ఆ జట్టు కొత్త కోచ్‌తో నిలదొక్కుకుని 2025 ప్లేఆఫ్‌కే చేరింది. ఆ కోచ్‌ను కూడా యూసీఎల్‌ఏ తీసుకుపోయింది. చిన్న జట్లు పెద్దవాళ్లకు నారుమడిగా మారడం ఆగేలా లేదు.

అభిమానుల వైపు మారింది కొలత. 2023 దాకా ఇండియానా చరిత్రలో 9 గెలుపులంటే రికార్డు. ఇక మీదట 9 గెలిచి 3 ఓడిన సీజన్ వస్తే, డిసెంబరులో బ్లూమింగ్టన్‌లో ఏం తప్పు జరిగిందన్న చర్చ నడుస్తుంది.